‘మనవాళ్లకు అవసరమైతే ఇద్దాం’ అనే వాదన ఎందుకు నిలవదు?

తరచూ రక్తదానం చేస్తే ఒంట్లో సత్తువ పోతుందని, ఉచితంగా ఇచ్చిన రక్తాన్ని బ్లడ్‌ బ్యాంకులు అమ్ముకుంటాయని, కనుక మనవాళ్లకు అవసరం పడినప్పుడు ఇస్తే చాలని చెప్పే సందేశం ఒకటి వాట్సాప్‌లో జోరుగా తిరుగుతోంది.

సత్తువ సంగతి ముందు చూద్దాం. శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటే, దాత నుంచి తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు మాత్రమే. అందులోని ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లోనూ, ఎర్రకణాలు కొన్ని వారాల్లోనూ తిరిగి సమకూరుతాయి. ఐరన్‌ నిల్వలు కోలుకోవడానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ మేరకు ఈ భయంలో కొంత నిజం ఉంది. పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజుల విరామం విధించినదీ, హిమోగ్లోబిన్‌ 12.5 గ్రాములకు తక్కువున్నవారిని తిప్పి పంపేదీ దాతకు హాని కలగకూడదనే.

ఇక అమ్మకం మాట. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా, డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతికి 1998 జనవరి 1 నుంచి తెరపడింది. ఆసుపత్రి బిల్లులో కనిపించేది హెచ్‌ఐవీ, హెపటైటిస్‌ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలకూ, కణాలను విడదీసి నిల్వ చేయడానికీ అయ్యే ఖర్చు. దానికీ గరిష్ఠ పరిమితి ఉంది. అంతకు మించి వసూలు చేస్తే ఫిర్యాదు చేయాలి గాని, దానం మానేస్తే దెబ్బ తగిలేది రోగికే.

అసలు చిక్కు మూడో మాటలో ఉంది. కాన్పులో రక్తం ధారగా పోతున్న తల్లికి, దాతను వెతికి తెచ్చి పరీక్షలు ముగించేదాకా ఆగే వ్యవధి ఉండదు; ఆమెను కాపాడేది అప్పటికే ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న యూనిట్‌. ఆ నిల్వా కలకాలం ఉండేది కాదు: ప్లేట్‌లెట్లు 5 రోజులు, ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు. అందుకే నాయకుల పుట్టినరోజున ఒక్కసారే వందలమంది వరుస కట్టడం కంటే, ఆ దాతలే ఏడాది పొడవునా విడతలుగా రావడం మేలు. పైగా దగ్గరి రక్తసంబంధీకుల రక్తాన్ని రేడియేషన్‌కు గురిచేయకుండా ఎక్కిస్తే, అరుదుగానైనా, దాత తెల్లకణాలు రోగి శరీరంపైనే దాడి చేసే ప్రాణాంతక స్థితి రావచ్చు.

తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుక జబ్బు) ఉన్న బిడ్డకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలంటే ఏడాదికి 17 సార్లవుతుంది. తండ్రి గ్రూపు కలిసినా, విరామ నియమం ప్రకారం ఆయన ఇవ్వగలిగేది నాలుగుసార్లే. మిగతాదంతా ఆ బిడ్డ ముఖమైనా ఎరగనివారు ఇవ్వవలసిందే.