నేనూ అక్కడే ఉన్నాను కదా

అమెరికా వచ్చిన కొత్తలో నేను పనిచేసిన ఆఫీసులో, శుక్రవారం పన్నెండు కొట్టగానే మా వరుసలో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యేవి. అందరూ కలిసి బయటికి భోజనానికి వెళ్ళేవారు. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. సోమవారం మీటింగులో ఆ భోజనం నాటి ఛలోక్తి ఏదో మళ్ళీ వచ్చేది. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి, అర్థం కాకుండానే.

ముందు పడిపోయింది నా నోరు. ప్రోగ్రాములో తప్పు కళ్ళకు కనిపిస్తున్నా 'మనకెందుకులే' అని ఊరుకునేవాణ్ణి. ఆ ఏడాది సమీక్షలో మేనేజరు 'చొరవ తక్కువ' అని రాశాడు. అబద్ధమేమీ రాయలేదు.

పనిలో మనిషి మనసు పెట్టాలంటే ఆ పనికి అర్థం ఉందనిపించాలి, నోరు విప్పితే నష్టం లేదన్న ధీమా ఉండాలి, ఒంట్లో ఓపిక మిగలాలి అని 1990లో విలియం కాన్ అనే పరిశోధకుడు రాశాడు. నాకు మొదట పోయింది ఆ ధీమాయే. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 'సైబర్‌బాల్' అని ఒక కంప్యూటర్ ఆట తయారుచేశాడు. తెర మీద మీతో కలిపి ముగ్గురు బంతి విసురుకుంటారు, కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు విసరడం మానేస్తారు. అంతే! కొద్ది నిమిషాల్లోనే మనసు చివుక్కుమంటుంది. అవతల ఆడేది మనుషులు కారు, కంప్యూటరేనని ముందే చెప్పినా అంతేనట. ఇక రోజూ ఎదురయ్యే మనుషులైతే చెప్పాలా? మనల్ని తిట్టేవాడికి కనీసం మనం ఉన్నామని తెలుసు.

ఇది నా గోడు మాత్రమే అయితే ఈ పత్రికకు రాసేవాణ్ణి కాదు. తర్వాతి ఆఫీసులో మేం అయిదుగురు తెలుగువాళ్ళం. మధ్యాహ్నం డబ్బాలు తెరిచి, గోంగూర పచ్చడి పంచుకుంటూ ఒకటే కబుర్లు. మా జట్టులోనే ఉన్న వియత్నాం ఆవిడ అదే బల్ల చివర కూర్చుని, ఫోను చూసుకుంటూ తినేది. ఒకరోజు మాటల్లో పని ప్రస్తావన వచ్చింది. ప్రోగ్రాము విడుదలను ఒక వారం వాయిదా వేయాలని అక్కడే, తెలుగులోనే, తేల్చేశాం. సాయంత్రం ఆవిడ అడిగింది, ఎప్పుడు నిర్ణయించారని.

"భోజనాల దగ్గర" అన్నాను.

"నేనూ అక్కడే ఉన్నాను కదా" అంది.

తెలుగు మాట్లాడుకోవడం తప్పని నేననను. పరాయి దేశంలో ఆ అరగంట లేకపోతే నాకు ముద్ద దిగదు. కానీ పని మాట రాగానే బల్ల చుట్టూ ఎవరున్నారో చూసి భాష మార్చాలి. కంపెనీలు ఏటా సర్వేలు పెట్టి, పిజ్జాలు తెప్పించి ఉత్సాహం పెంచాలని చూస్తాయి. ఈ చిన్న పని మాత్రం ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళే చేయగలరు. మేం చేయలేదు. ఏడాది తిరగకుండా ఆవిడ వేరే జట్టుకు మారిపోయింది. వీడ్కోలు కార్డు మీద ఏం రాయాలో తోచక, నేను సంతకం మాత్రం పెట్టాను.