31వ వరుస నుంచి పాయింట్ల పట్టిక గారికి

మహారాజశ్రీ నేషనల్ హాకీ లీగ్ పాయింట్ల పట్టిక గారి దివ్య సముఖమునకు,

సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు అభిమాని ఒకడు నమస్కరించి వ్రాసుకొనునది. ఇక్కడ అంతా క్షేమం. తమరూ క్షేమమనే తలుస్తాను. కష్టాలు వచ్చేదీ పోయేదీ జట్లకే గాని, వాటిని వరుసపెట్టి రాసే తమరికి ఏనాడూ జలుబైనా చేసినట్టు వినలేదు.

పూర్వం మా పల్లెల్లో కరణం గారి అడంగల్‌లో ఎవరి పేరుంటే పొలం వాళ్ళది, నాగలి పట్టేది ఎవరన్నది తరువాతి మాట. ఆ సంస్కారంలో పెరిగి, ఉద్యోగరీత్యా మిస్సోరి రాష్ట్రం చేరి, మంచు మీద ఆడే హాకీకి ఆలస్యంగా అలవాటుపడిన తెలుగువాణ్ణి కావడం వల్ల తమరినీ అంతే భక్తితో కొలిచేవాణ్ణి. పొద్దున్నే కాఫీ కంటే ముందు తమ దర్శనం చేసుకొనేవాణ్ణి. అలా 2019 జనవరి 3 ఉదయం దర్శనం చేసుకుంటే, తమరు మా జట్టును 31 జట్లలో 31వదిగా నమోదు చేసి ఉన్నారు. ఆడినవి 37, గెలిచినవి 15, ఓడినవి 18, ఓవర్‌టైమ్‌లో ఓడినవి మరో 4, వెరసి 34 పాయింట్లు. కూడికలో తప్పు పట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. 15 గెలుపులకు రెండేసి చొప్పున 30, పైన 4, సరిపోయింది. కాకపోతే చాలా జట్లు అప్పటికే మాకంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడేసి ఉన్నాయన్న సంగతిని తమరు పక్క గడిలో చిన్న అంకెగా వేసి, ర్యాంకును మాత్రం కొట్టొచ్చినట్టు వేశారు. నాబోటివాళ్ళు చిన్న అంకెలు చదవరని తమరికి తెలుసు.

ప్రసక్తి వచ్చింది గనుక తమ తూకం గురించి కూడా ఒక మాట మనవి చేసుకుంటాను. మా తెలుగు నేలమీద చిన్నపిల్లలకు కూడా ఐపీఎల్ పట్టిక చదవడం వచ్చు. అక్కడ గెలిస్తే రెండు, ఓడితే సున్న. తమ అంగడిలో అలా కాదు. 60 నిమిషాల్లోపు ఓడిన జట్టుకు ఏమీ రాదు, 60 నిమిషాలు సమంగా నిలిచి ఆ తరువాత ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడిన జట్టుకు కన్నీళ్ళు తుడుచుకొమ్మని ఒక పాయింటు వస్తుంది. అంటే కొన్ని రాత్రులు ఒక మ్యాచ్‌కు రెండు పాయింట్లు పుడతాయి, కొన్ని రాత్రులు మూడు పుడతాయి. పొద్దు గూకిన తరువాత శేరుకు బరువు పెరిగే ఇటువంటి తక్కెడను మా సంతలో ఎవరైనా వాడితే తూనికలు కొలతల శాఖవారు పట్టుకుపోయేవారు.

అయినా లోకమంతా తమ మాట నమ్మింది. మా జట్టు 7 గెలుపులు, 9 ఓటములు, 3 ఓవర్‌టైమ్ ఓటములతో ఉన్నప్పుడే, 2018 నవంబరు 19న, కోచ్ మైక్ యో ఉద్యోగం ఊడింది. ఆయన కింద పనిచేస్తున్న క్రెయిగ్ బెరూబేని పిలిచి, ‘తాత్కాలిక’ అన్న మాటను పేరుకు ముందు తగిలించి, కుర్చీలో కూర్చోబెట్టారు. డిసెంబరు 10న సాధనలో మా జాక్ శాన్‌ఫర్డ్, రాబర్ట్ బోర్టుజ్జో చేతి తొడుగులు విసిరేసి ఒకరినొకరు కొట్టుకున్నారు. ప్రత్యర్థులను ఎలాగూ కొట్టలేకపోతున్నారు గనుక అందుబాటులో ఉన్నవాళ్ళతో సరిపెట్టుకుంటున్నారనుకున్నాం. ఏ ఆటగాణ్ణి ఏ జట్టుకు అమ్మేస్తే మంచి బేరం కుదురుతుందో పత్రికలు లెక్కలు వేశాయి. ఆలికీ చూలికీ సంబంధం లేకుండా పురుడు ముహూర్తం పెట్టే జ్యోతిష్కులందరూ తమ అంకెలనే పంచాంగంగా పట్టుకు తిరిగారు.

తమ వంశానికీ మా ఊరికీ ఉన్న లావాదేవీలు పాతవి, వాటినీ గుర్తు చేయాలి. 1967లో లీగ్‌లోకి ఆరు కొత్త జట్లు వచ్చినప్పుడు, పెద్దలు ఆ ఆరింటినీ కలిపి ఒకే డివిజన్‌గా రాశారు, పాత ఆరు జట్లనూ మరో డివిజన్‌లో ఉంచారు. కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు ఫైనల్‌కు వెళ్ళక తప్పని ఏర్పాటు అది. అలా మా బ్లూస్ 1968, 1969, 1970 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు, లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ ఫైనల్‌కు వెళ్ళింది. మొదటి రెండుసార్లు మాంట్రియల్, మూడోసారి బోస్టన్ ఎదురయ్యాయి. ఏడింటిలో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళదే ఫైనల్. మూడింటిలోనూ కలిపి ఆడినవి 12, గెలిచినది ఒక్కటీ లేదు. 1970లో చివరి గోల్ కొట్టిన బోస్టన్ ఆటగాడు బాబీ ఆర్, మావాడి కర్ర అడ్డుపడి గాలిలోకి లేచి, అడ్డంగా తేలుతూ చేతులు చాచి సంబరపడ్డాడు. ఆ ఫొటో హాకీ లోకంలో దేవుడి పటమంత ప్రసిద్ధం. బోస్టన్ స్టేడియం బయట ఆ భంగిమలోనే ఆయన విగ్రహం ప్రతిష్ఠించారు. మా ఓటమికి ఇంకొకరి ఊళ్ళో కంచు శిలాశాసనం వేయించుకున్న జట్టు మాది. ఆ తరువాత 49 ఏళ్ళపాటు ఫైనల్ గుమ్మం కూడా తొక్కలేదు.

ఇక తమ గడుల్లో పట్టని సంగతులు వినండి. 2019 జనవరి 6న ఫిలడెల్ఫియాలో మా ఆటగాళ్ళు కొందరు ఒక బార్‌లో కూర్చుని అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుండగా, అక్కడివాళ్ళు ‘గ్లోరియా’ అనే 1982 నాటి పాట పెట్టించుకొని ఊగిపోతూ పాడారు. అది మావాళ్ళకు నచ్చి, గెలిచిన ప్రతిసారీ వేసుకునే పాట అయిపోయింది. మర్నాడు అదే ఊళ్ళో జోర్డన్ బిన్నింగ్టన్ అనే గోలీ (గోల్ కాపలాదారు) తొలిసారిగా మ్యాచ్ మొదటి నుంచీ వలముందు నిలబడి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా 3-0తో గెలిపించాడు. ఈ అబ్బాయిని 2011లో ఎంచుకొని, ఏళ్ళ తరబడి చిన్న లీగుల్లో తిప్పి, ముందటి సీజన్లో బోస్టన్ వారి అనుబంధ జట్టుకు అరువిచ్చి, ఈ సీజను మొదట్లో మా గోలీల వరుసలో నాలుగోవాడిగా ఉంచారు. చూశారా, ఆ ఏడాది మా కార్యాలయంలోనూ ఒక పట్టిక ఉండేది, దాని లెక్కలూ తమ లెక్కల్లాంటివే. ఆ నాలుగోవాడు సీజను ముగిసేసరికి 24 గెలుపులు, 5 ఓటములు, ఒక ఓవర్‌టైమ్ ఓటమితో తేలాడు. మధ్యలో జట్టు వరుసగా 11 మ్యాచ్‌లు గెలిచి అప్పటికి క్లబ్ రికార్డు సృష్టించింది.

తమ మొదటి రాతకూ చివరి రాతకూ మధ్య జరిగిన 45 మ్యాచ్‌లలో మాకు 30 గెలుపులు, 10 ఓటములు, 5 ఓవర్‌టైమ్ ఓటములు దక్కాయి. మొత్తం 99 పాయింట్లతో సెంట్రల్ డివిజన్‌లో మూడో స్థానం. తమరు జనవరి 3 నాటి వరుసను నిశ్శబ్దంగా చెరిపేసి ఇది రాసుకున్నారు. ‘పొరపాటు పడ్డాం’ అన్న సవరణ ఒకటి అడుగున వేస్తారేమోనని ఎదురుచూశాను.

ఇంతలో తమరు అందరికంటే ఎత్తున కూర్చోబెట్టిన టాంపా బే జట్టు సంగతి. 82 మ్యాచ్‌లలో 62 గెలిచి, లీగ్ చరిత్రలో అప్పటికున్న అత్యధిక విజయాల రికార్డును సమం చేసి, 128 పాయింట్లు పోగేసింది. ప్లేఆఫ్స్‌లో ప్రతి రౌండూ ఏడింటిలో నాలుగు గెలిచినవాళ్ళదే. అక్కడ దాని మొదటి ప్రత్యర్థి, 98 పాయింట్లతో వైల్డ్ కార్డు మీద, అంటే డివిజన్ మొదటి మూడు స్థానాల్లో లేకున్నా పాయింట్ల బలంతో, కిందామీదా పడి లోపలికి వచ్చిన కొలంబస్. మొదటి మ్యాచ్‌లో టాంపా 3-0 ఆధిక్యంలోకి వెళ్ళి 4-3తో ఓడింది, తరువాతి మూడూ ఓడింది, నాలుగు మ్యాచ్‌లతో ఇంటికి చేరింది. తమరికి ఇంకా అనుమానం ఉండిపోతుందేమోనని కాబోలు, కాల్గరీ, నాష్‌విల్, వాషింగ్టన్ కూడా అదే రౌండ్‌లో ఓడాయి. తమరు నాలుగు డివిజన్ల శిరస్సున రాసిన నాలుగు పేర్లూ మొదటి మెట్టు మీదే జారిపడ్డాయి, తమరు అరుగు మీద నిలబెట్టిన నాలుగు వైల్డ్ కార్డు జట్లూ లోపలికి నడిచాయి. లీగ్ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. ఆరు నెలలు కష్టపడి వేసిన జాతకం రెండు వారాల్లో ఇంత నిండుగా తప్పిన సిద్ధాంతి గారికి మా వైపు రెండో పెళ్ళి ముహూర్తానికి పిలుపు రాదు.

ప్లేఆఫ్స్‌లో తమరు అర్హులకు ఇచ్చే కానుక ఒకటే, సొంత ఊళ్ళో ఎక్కువ మ్యాచ్‌లు ఆడుకొనే హక్కు. మావాళ్ళు దాన్ని కూడా గౌరవించలేదు. సొంత ఊళ్ళో 6 గెలిచి 7 ఓడారు, పరాయి ఊళ్ళలో 10 గెలిచి 3 ఓడారు. విన్నిపెగ్‌ను ఆరు మ్యాచ్‌లలో దాటారు. డల్లాస్‌తో ఏడో మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్ దాకా సాగింది. అక్కడ డల్లాస్ వలముందు 52 షాట్లు ఆపిన బెన్ బిషప్ సెయింట్ లూయిస్‌లో పెరిగినవాడే, చివరికి పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను) వలలోకి నెట్టిన మా పాట్ మరూన్ కూడా సెయింట్ లూయిస్ బిడ్డే. ఊరి దిష్టి ఊరే తీసుకుంది. సాన్ హోసే మీద మూడో మ్యాచ్‌లో వాళ్ళ ఆటగాడు చేత్తో పక్‌ను తోసినా రిఫరీలు చూడలేదు, ఓవర్‌టైమ్‌లో అదే గోల్ అయింది. మావాళ్ళు గొడవపెట్టుకొని కూర్చోకుండా తరువాతి మూడూ గెలిచారు.

ఫైనల్‌లో ఎదురైనది మళ్ళీ బోస్టన్. మొదటి మ్యాచ్ ఓడాం, ఫైనల్స్‌లో మా ఓటముల లెక్క 13కు చేరింది. రెండో మ్యాచ్ సమంగా ఉండి ఓవర్‌టైమ్‌కు ముందు విరామం ఇచ్చినప్పుడు, కార్ల్ గున్నార్సన్ మూత్రశాలలో కోచ్ పక్కన నిలబడి, ఇంకొక్క అవకాశం వస్తే చాలని చెప్పాడట. అంతకుముందే అతని షాట్ ఒకటి గోల్ స్తంభానికి తగిలి వెనక్కు వచ్చింది. ఓవర్‌టైమ్‌లో ఆ అవకాశం వచ్చింది, గోల్ కొట్టాడు. 52 ఏళ్ళ క్లబ్ జీవితంలో ఫైనల్‌లో గెలిచిన మొదటి మ్యాచ్ అది. ఆ విజయానికి పునాదిరాయి వేసిన చోటికి తమ గణాంకాల కెమెరాలు వెళ్ళవు, వెళ్ళకపోవడమే మర్యాద.

జూన్ 12న ఏడో మ్యాచ్ బోస్టన్‌లోనే, ఆ విగ్రహం ఉన్న స్టేడియంలోనే జరిగింది. తమ ఖాతాలో వాళ్ళకు 107 పాయింట్లు, మాకు 99 కావడమే అందుకు కారణం. మొదటి పీరియడ్‌లో, అంటే తొలి 20 నిమిషాల్లో, బోస్టన్ 12 షాట్లు కొడితే మావాళ్ళు 4 మాత్రమే కొట్టారు. ఆ నాలుగింటిలో రెండు గోల్స్. మొదటిది ర్యాన్ ఓరైలీ కొట్టాడు, విరిగిన పక్కటెముకతో ఆడుతున్నాడని తరువాత తెలిసింది. రెండోది పీరియడ్ ముగియడానికి 8 సెకన్లు ఉండగా కెప్టెన్ పియట్రాంజెలో కొట్టాడు. బిన్నింగ్టన్ 33లో 32 ఆపాడు. నాలుగో గోల్ కొట్టినవాడు ఎవరో తెలుసా, డిసెంబరులో సహచరుడితో ముష్టియుద్ధం చేసిన శాన్‌ఫర్డ్. 4-1. ‘తాత్కాలిక’ కోచ్ కప్పు ఎత్తాడు.

ఆ కప్పు సంగతే వేరు. దానిమీద పేర్లు చెక్కుతారు, తమలా అక్టోబరు రాగానే సున్నాలు పెట్టి తుడిచెయ్యరు. 1972లో గెలిచిన ఇదే బోస్టన్ పేరులో ‘ఓ’ అక్షరం ఉండాల్సిన రెండు చోట్లా ‘క్యూ’ చెక్కారు, ఆ తప్పూ అలాగే ఉంది. తప్పుతో సహా నిలిచే రాతకు, తప్పును తెల్లవారేలోపు మాయం చేసే రాతకు ఉన్న తేడా తమరే ఆలోచించుకోండి.

మరుసటి ఏడాది తమరు మామీద దయ తలచారు. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి ఆట ఆగిపోయేనాటికి 94 పాయింట్లతో మమ్మల్ని పశ్చిమ విభాగం శిఖరాన నిలబెట్టారు. వేసవి చివర ఎడ్మంటన్‌లో ఖాళీ కుర్చీల ముందు ప్లేఆఫ్స్ పెట్టినప్పుడు మొదటి రౌండ్‌లోనే వాంకూవర్ చేతిలో ఓడాం. 31వ వరుసలో ఉన్నప్పుడు ఇంత పకడ్బందీగా ఓడలేదు.

తమరు మాత్రం మా మీద కక్ష మరో విధంగా తీర్చుకుంటున్నారు. ఇప్పుడు తమకు 32 వరుసలు. జనవరి వచ్చేసరికి అడుగు వరుసల్లో పడి ఉన్న ఏ జట్టును కదిలించినా, కోచ్‌ను మార్చకుండా, గోలీని వెతకకుండా, ‘2019లో సెయింట్ లూయిస్’ అని మా పేరు జపించి సీజను టిక్కెట్లు అమ్ముకుంటోంది. మా కష్టాన్ని ఇలా ఊరందరి అరువు పద్దులో వేయడం న్యాయం కాదని మనవి.

కాబట్టి తమతో నాకు మిగిలిన పని ఒక్కటే. 2019 జనవరి 3 ఉదయం నాటి పట్టిక నకలు ఒకటి, 31వ వరుస స్పష్టంగా కనిపించేలా, ధ్రువీకరణ ముద్రతో సహా ఇప్పించగలరు. ఫ్రేము ఇప్పటికే కట్టించి గోడకు తగిలించి ఉంచాను, మధ్యలో ఖాళీగా ఉంది. నకలు రుసుము ఎంతో తెలియజేస్తే వెంటనే చెల్లిస్తాను, ఓవర్‌టైమ్‌లో అయితే ఒక పాయింటు అదనంగా ఇవ్వడానికి కూడా సిద్ధమే.

ఇట్లు,
తమ విధేయుడు,
సెయింట్ లూయిస్