గుంపులో గోవిందా

తిరుపతిలో గుంపుగా సైకిల్ తొక్కేవాళ్ళకు పద్ధతీ పాడూ ఉండాలని కొందరు పెద్దమనుషులు ఈమధ్య గొంతు చించుకుంటున్నారు. ఈ ధోరణిని మొగ్గలోనే తుంచకపోతే మన ఆదివారాలు మన చేతుల్లో ఉండవు. ఒకరి వెనక ఒకరు బుద్ధిగా పోవడమే కావాలంటే కొండమీద క్యూ కాంప్లెక్స్ ఉండనే ఉంది. దానికి కార్బన్ ఫ్రేమ్ సైకిల్ కొనాలా?

ముందు లక్ష్యం సంగతి చూద్దాం. మనవాళ్ళలో ఎవర్ని కదిలించినా చెప్పేది బీఆర్ఎం, అంటే ఇంత దూరానికి ఇంత గడువని పెట్టే దూరపు సైకిల్ రైడు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. నాలుగూ ఒకే సీజన్లో పూర్తిచేస్తే సూపర్ రాండొనర్ అన్న బిరుదు. ఇంతవరకూ గొడవ లేదు. కానీ ఎవరో లెక్కల మాస్టారు కూర్చుని 200ని పదమూడున్నరతో భాగించి, గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదని తేల్చాడు. అదీ టిఫిన్లు, టీలు, పంక్చర్లు అన్నీ కలుపుకునే. పైగా అందులో ఫస్టు, సెకండు ఉండవట. అందరికంటే ముందొచ్చినవాడికీ, గడువుకు నిమిషం ముందు ఊడిపడ్డవాడికీ ఒకటే గుర్తింపట. అంటే పొద్దంతా నింపాదిగా, కలిసికట్టుగా, ఎవరూ కిందపడకుండా తొక్కితే చాలునన్నమాట. ఇంతకంటే అవమానం ఉంటుందా? పదిహేనులో పోతుంటే పాలక్యాన్లు కట్టుకున్న ఎక్సెల్ మోపెడ్ పెద్దాయన కూడా జాలిగా చూసి దాటిపోతాడు.

అందుకే మన సంప్రదాయం వేరు. చిత్తూరు పోయి రావడం అటూ ఇటూగా 140 కిలోమీటర్లు. అందులో చంద్రగిరి దాటేదాకా వేగం గంటకు 35కి తగ్గకూడదు. అక్కడికి సగం మంది కనబడరు, కనబడేవాళ్ళకు మాట రాదు. వెనకబడ్డవాళ్ళ కోసం ఆగాలని పెద్దమనుషుల వాదన. ఆగితే వాళ్ళు వచ్చేస్తారు గదా! అప్పుడు మనం ముందున్నట్టు ఎవరికి తెలుస్తుంది?

ఇక గాలిచాటు. ముందువాడి చక్రానికి దగ్గరగా తొక్కితే గాలిని వాడు చీల్చుకుంటూ పోతాడు, వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. కాసేపు వాడు, కాసేపు నువ్వు అని ముందుండే పని పంచుకుంటే 200 కిలోమీటర్లు సులువట. పంచుకోవడమనేది అన్నదమ్ముల మధ్యే కుదరని ఊళ్ళో ఇది కోరడం అత్యాశ. మన గ్రూపుల్లో ముందుండేవాడు ఎప్పుడూ ఒకడే, ఫొటో తీసేటప్పుడు తప్ప.

దగ్గరగా అంటే ఎంత దగ్గరగా అన్నదానిమీదా పేచీ ఉంది. నీ ముందు చక్రం వాడి వెనక చక్రం పక్కకు చేరకూడదట. చేరితే ఏమవుతుంది? కుక్క అడ్డమొస్తుంది. వాడు జానెడు పక్కకు జరుగుతాడు. వాడి వెనక చక్రం నీ ముందు చక్రాన్ని ఊరికే అలా తాకుతుంది. వాడికేమీ కాదు, కాస్త కదిలినట్టుంటుంది, అంతే. నువ్వు మాత్రం రోడ్డుమీద, నీమీద ముగ్గురు. కుక్క క్షేమం. అలాగే భాకరాపేట ఘాట్‌లో ఎత్తెక్కుతూ సీటు మీంచి దబుక్కున లేస్తే, తొక్కుడు ఆ క్షణం సడలి, సైకిల్ వెనకవాడి మీదికి వచ్చినట్టవుతుంది. అందుకని లేచేముందు ఒక మాట చెప్పాలట. చెప్పడానికి ఊపిరుంటే లేవడమెందుకు?

చేతి సైగలు ఇంకో తలనొప్పి. గుంతకు వేలు కిందికి చూపాలి, ఆగేటప్పుడు అరచెయ్యి ఎత్తాలి, వెనక లారీ వస్తుంటే చివరివాడు కేకెయ్యాలి. మన ఊళ్ళో ఒకే కేక ఉంది: గోవిందా! గుంతకూ అదే, లారీకీ అదే, పడ్డాకా అదే. మొన్న కొత్తగా చేరిన పిల్లాడొకడు, “గుంత ఉంటే ముందే చెప్పొచ్చు గదన్నా” అన్నాడు, మోచెయ్యి తుడుచుకుంటూ. “మేమెట్ల చూసుకున్యామో నువ్వూ అట్లే చూసుకో తమ్ముడూ” అన్నాడు మా సీనియర్. ఆ కుర్రాడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉందని, చెప్పినా వినపడేది కాదని నేనే సర్దిచెప్పాను.

అసలు విషయం రోడ్డు. మామిడి సీజన్లో దామలచెరువు దగ్గర తోతాపురి ట్రాక్టర్లు వరసగా వస్తుంటాయి, కొన్ని రాంగ్ రూట్లో, తాపీగా, హక్కుగా. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి కాలినడకన కొండకొచ్చే భక్తులు రోడ్డంచున నడుస్తుంటారు. మధ్యలో మనం, నలుగురం పక్కపక్కన, తిరుచానూరు ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటూ. ఇరుకైనచోట ఒకే వరసలోకి మారాలని, ఆరేడుగురి జట్లుగా విడిపోయి మధ్యలో ఖాళీ ఉంచాలని, అప్పుడు లారీ ఒక్కో జట్టునూ దాటి సర్దుకోగలదని చెబుతారు. లారీ సౌకర్యం చూడటానికి మనమేమన్నా ట్రాన్స్‌పోర్టు నడుపుతున్నామా? అంతేకాదు, విడిపోతే డ్రోన్ షాట్‌లో గ్రూపు పలచగా కనిపిస్తుంది.

ఇంత వేగంగా పోయే మనం 200 ఎందుకు దాటలేకపోతున్నామని కొందరు దెప్పుతుంటారు. కారణం సుస్పష్టం. లెక్క పెట్టే తీరులోనే అన్యాయం ఉంది. పొంగలి, వడ, నెయ్యిదోసె, మళ్ళీ కాఫీ, గ్రూప్ ఫొటో, ఎవరు ఎవర్ని దాటారన్న పంచాయితీ, వీటికి పట్టే రెండు గంటలనూ పరుగులోనే కలిపేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం పూతలపట్టు ఎండలో తొడలు పట్టేసి చెట్టుకింద కూలబడ్డ సమయం కూడా మన ఖాతాలోనే. బీఆర్ఎంను మొదటి టిఫిన్ సెంటర్ దగ్గరే ముగించాలని మా గ్రూపు ఏకగ్రీవంగా తీర్మానించింది.

వచ్చే ఆదివారం రైడ్ వివరాలు: అలిపిరి దగ్గర కలవాలి. వెనక ఎర్రలైటు ఉన్నవాళ్ళు తెచ్చుకోవచ్చు, చార్జింగు వాళ్ళిష్టం. హెల్మెట్ ఫొటోకు అడ్డం కాకుండా హ్యాండిల్‌కు తగిలించుకోవాలి. కొత్త జెర్సీ మాత్రం తప్పనిసరి. పాత జెర్సీతో వచ్చినవాళ్ళను భద్రతా కారణాల రీత్యా వెనక్కి పంపేస్తాం.