ఆ ఊళ్లో ఫలించింది సరే, పక్క ఊళ్లోనో?

నేరాలు తగ్గాలంటే ఏం చేయాలో అందరికీ తెలుసు, టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లకు మరీ బాగా తెలుసు. పట్టుకుని లోపలేస్తే దారికొస్తారని ఒకరంటారు, చదువూ ఉద్యోగం ఇస్తే అదే ఆగుతుందని ఇంకొకరు. నేరాల మీద ప్రపంచంలో జరుగుతున్న పరిశోధనను కాస్త ఓపికగా చదివితే మాత్రం ఇద్దరికీ ఇబ్బందే. ఒకచోట బ్రహ్మాండంగా పనిచేసిన మందు ఇంకోచోట వికటించడం అక్కడ మామూలు.

అమెరికాలోని మినియాపొలిస్ సంగతే చూడండి. 1981-82లో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ అనే పరిశోధకులు అక్కడి పోలీసులతో ఒక ప్రయోగం చేయించారు. ఇంట్లో భార్యనో సహచరినో కొడుతున్నాడని ఫోన్ వస్తుంది, పోలీసు వెళ్తాడు. అతని చేతిలో రంగురంగుల ఫారాల ప్యాడ్ ఒకటుంటుంది. పైన ఏ రంగు కాగితం ఉంటే దాని ప్రకారం చేయాలి: అరెస్టు చేయడమో, సర్దిచెప్పి వచ్చేయడమో, కొట్టినవాణ్ణి ఎనిమిది గంటలపాటు ఇంట్లోంచి పంపేయడమో. పెద్ద గాయాలైన కేసులను ముందే పక్కన పెట్టేశారు. అంటే ఎవరికి బేడీలు పడాలన్నది పోలీసు కోపమో జాలో కాకుండా లాటరీ తేల్చిందన్నమాట (కాగితం ఒకటి చెబితే ఇంకోటి చేసిన పోలీసులూ ఉన్నారు, మనుషులే కదా). మొత్తం 314 కేసులు. ఆరు నెలల పోలీసు రికార్డులు తిరగేస్తే, అరెస్టయినవాళ్లలో మళ్లీ చెయ్యెత్తినవాళ్లు 10 శాతం, సర్దిచెప్పి వదిలేసినవాళ్లలో 19, బయటికి పంపినవాళ్లలో 24.

ఇంకేముంది, 1984లో ఆ ఫలితాలు పరిశోధన పత్రికలో అచ్చయ్యాయి, ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో అరెస్టు తప్పనిసరి అయిపోయింది. అప్పటికి తేలింది ఒక్క ఊళ్లో, ఆరు నెలలకే.

తర్వాత ఒమాహా, షార్లెట్, మిల్వాకీ లాంటి మరో ఐదు చోట్ల మళ్లీ అదే పరీక్ష పెట్టారు. కొన్నిచోట్ల అరెస్టు మేలు చేసింది, కొన్నిచోట్ల చేయలేదు. మిల్వాకీలో తేలింది మరీ చిత్రం: ఉద్యోగం ఉన్నవాడు అరెస్టుతో తగ్గాడు, లేనివాడు ఇంకా రెచ్చిపోయాడు. పోగొట్టుకోవడానికి పరువో జీతమో ఉన్నవాడికే బేడీలంటే భయం అన్నమాట. అసలు దెబ్బ ఇంకా తర్వాత ఉంది. ఆ మిల్వాకీ మహిళల రికార్డులనే 23 ఏళ్ల తర్వాత తిరగేస్తే, భర్తనో సహచరుణ్ణో హెచ్చరించి వదిలేసిన ఇళ్లకంటే అరెస్టు చేసిన ఇళ్ల మహిళల్లో మరణాలు 64 శాతం ఎక్కువ. అవి హత్యలు కూడా కాదు, ఎక్కువగా గుండెజబ్బుల్లాంటివి. ఈ మాట బయటపెట్టింది ఎవరో కాదు, మొదట అరెస్టే మేలని చెప్పిన షెర్మనే. ఆయనకు ఆ ఒక్క విషయంలో దణ్ణం పెట్టొచ్చు.

దెబ్బలు తిన్న మనిషి ఫోన్ చేస్తే పోలీసులు రావద్దని దీనర్థం కాదు, రావాల్సిందే. వచ్చాక ఎవరి విషయంలో ఏం చేయాలన్నది ఒక్క ప్రయోగంతో రాసేయగల సంగతి కాదు, అంతే.

దయ చూపించినా ఇదే గండం. అమెరికాలోనే మసాచుసెట్స్‌లో, పిల్లలు నేరాల దారి పట్టకుండా చూడ్డానికి 1939లో మొదలైన ఒక పథకంలో 253 మందికి ఏళ్ల తరబడి కౌన్సెలింగ్, ట్యూషన్లు, సమ్మర్ క్యాంపులు ఇచ్చారు, అంతేమందికి ఏమీ ఇవ్వలేదు. మూడు దశాబ్దాల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకుని చూస్తే, సాయం అందినవాళ్లే కొన్ని విషయాల్లో అధ్వానంగా ఉన్నారు. ఆ పథకం తమకెంతో మేలు చేసిందని మాత్రం వాళ్లలో చాలామంది చెప్పారు! లబ్ధిదారుల సంతృప్తి సర్వేలంటే నాకు నమ్మకం లేకపోవడానికి ఇదొక కారణం.

రెండో పరీక్షా నెగ్గినవి లేకపోలేదు. లైబీరియా రాజధాని మన్రోవియాలో నేరాల్లో తిరిగే 999 మంది యువకులతో చేసిన ప్రయోగంలో కొందరికి ఎనిమిది వారాల కౌన్సెలింగ్, కొందరికి 200 డాలర్ల నగదు, కొందరికి రెండూ ఇచ్చారు. ఉత్త డబ్బు ప్రభావం తొందరగానే ఆవిరైంది. రెండూ అందినవాళ్లలో మాత్రం, ఏమీ అందనివాళ్లతో పోలిస్తే, పదేళ్ల తర్వాత కూడా దొంగతనాల్లాంటివి సగానికి సగం తక్కువే. పదేళ్లాగి మళ్లీ వెళ్లి అడిగారు చూడండి, అదీ నాకు నచ్చింది.

ఇప్పుడు అందరి నోళ్లలో నానుతున్న మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్ దగ్గరికి వద్దాం. 2022 మార్చిలో అక్కడి అధ్యక్షుడు బుకేలే నేర ముఠాలను అణచడానికి అత్యవసర స్థితి పెట్టి 80 వేలమందికి పైగా లోపలేయించారు. 2015లో లక్ష జనాభాకు వందకు పైగా ఉన్న హత్యలు 2024లో సర్కారు లెక్కల్లో రెండు లోపే. ఇది చిన్న విషయం అనడం అబద్ధమవుతుంది, అక్కడి జనం ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ రేటు అత్యవసర స్థితికి ముందే, 2021 నాటికే, 18 దాకా పడిపోయింది. పైగా జైల్లో పడ్డవాళ్లలో అమాయకులెందరన్నది విడిగా తేల్చే విచారణలు లేవు, గుంపులు గుంపులుగా విచారిస్తున్నారు.

మరి ఇతరుల సంగతి? హోండురస్ 2022 డిసెంబరులోనే అత్యవసర స్థితి పెట్టింది, సాల్వడార్ స్థాయి ఫలితం దరిదాపుల్లోకి రాలేదు. ఈక్వడార్ 2024 జనవరిలో ముఠాల మీద యుద్ధం ప్రకటించి సైన్యాన్ని దించింది. ఆ ఏడాది హత్యలు కొంత తగ్గాయి, 2025లో మళ్లీ ఎగబాకాయి. అయినా ఎన్నికల సభల్లో ఇంకా సాల్వడార్ ఫొటోలే చూపిస్తున్నారు, ఈక్వడార్‌వి కాదు.