మాక్రోఎక్స్‌పాండ్‌ని తక్షణం నిషేధించాలి

బెంగళూరులో బెల్లందూరు, మారతహళ్ళి చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాల క్షేమం కోరి, ఒక ప్రమాదాన్ని పెద్దల దృష్టికి తేవాల్సి వస్తోంది. క్లోజర్ అనే లిస్ప్ జాతి ప్రోగ్రామింగ్ భాషలో మాక్రోఎక్స్‌పాండ్-1 అని ఒక సదుపాయం ఉంది. మాక్రో వాడిన కోడ్ ముక్కని దానికిస్తే, ఆ మాక్రో లోపల్లోపల ఏం కోడ్ తయారుచేస్తోందో తెర మీద పరిచేస్తుంది. ఒక్క లైను కొడితే చాలు. ఇలాంటి దాన్ని ఎవరి చేతికి పడితే వాళ్ళ చేతికిచ్చేస్తే మాబోటి సీనియర్లు ఏమైపోవాలి?

తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. ఫంక్షన్‌కి మనం విలువలిస్తాం. మాక్రోకి ఏకంగా కోడ్‌నే ఇస్తాం. అది దాన్ని విప్పి, తిప్పి, కొత్త కోడ్ రాసి, కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కి అప్పజెప్పి తప్పుకుంటుంది. ప్రోగ్రాం నడిచే వేళకి మాక్రో అక్కడ ఉండనే ఉండదు. ఎర్రర్ వస్తే లైన్ నంబర్ మాక్రోని వాడుకున్న అమాయకుడి లైనునే చూపిస్తుంది, ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్‌లో వాడి పేరే పడుతుంది. 1963లో ఎం.ఐ.టి.లో తిమోతీ హార్ట్ లిస్ప్‌కి మాక్రోలు ప్రతిపాదించాడు. ఇన్నేళ్ళలో బాధ్యత తప్పించుకోవడానికి ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఏ ఆఫీసూ కనిపెట్టలేకపోయింది.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో కస్టమర్ల ఖాతాల్లోంచి డబ్బు రెండుసార్లు కట్ అవడం మొదలైంది. ప్రోగ్రాం చేసిన పనులు నమోదయ్యే లాగ్ తెరిస్తే ఒక్కసారే కట్టినట్టుంది. పద్ధతి ప్రకారం వెంటనే వార్ రూమ్ పెట్టాం. మొదటి రోజు పేమెంట్ గేట్‌వే వాళ్ళని అనుమానించాం, ఘాటుగా మెయిల్ పెట్టాం. రెండో రోజు నెట్‌వర్క్. తర్వాత డేటాబేస్. 2022 సెప్టెంబరు వానలకి అవుటర్ రింగ్ రోడ్డు మునిగితే ట్రాక్టరెక్కి ఆఫీసుకొచ్చిన జాతి మాది, అంత తేలిగ్గా వెనక్కి తగ్గం.

డబ్బు కట్టే కోడ్ చుట్టూ మా పాత ఆర్కిటెక్ట్ గారు రాసిన లాగ్ మాక్రో ఉంది. లోపలిచ్చిన కోడ్ విలువని ప్రింట్ చేసి, ఆ విలువనే తిరిగివ్వడం దాని పని. ఆయన వైట్‌ఫీల్డ్‌లో మరో కంపెనీకి రెట్టింపు జీతం మీద వెళ్ళిపోయారు. ఇంకాస్త లోతుగా పరిశీలిద్దామని టెస్ట్ సర్వర్‌లో అదే మాక్రోని ఉన్నదాని పైన మరొకటి చుట్టాం. ఈసారి నాలుగుసార్లు కట్ అయింది. లాగ్‌లో మాత్రం మూడే కనిపించాయి. ఆ నాలుగోది ఎటు పోయిందో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశాం.

ఇంత సజావుగా సాగుతున్న వ్యవహారంలోకి కొత్తగా చేరిన కడప కుర్రాడొకడు తల దూర్చాడు. "అన్నా, ఈ మాక్రో ఏం రాస్తాందో ఒకసారి చూసినారా?" అన్నాడు. చూడ్డమేమిటి? మేం దాని మీద అప్పటికే అరవై స్లైడ్లు చేశాం. వాడు మా మాట వినకుండా మాక్రోఎక్స్‌పాండ్-1 కొట్టేశాడు. నాలుగు లైన్లు బయటపడ్డాయి. డబ్బు కట్టే ఫంక్షన్ పిలుపు ప్రింట్ లోపల ఒకసారి, దాని కింద విడిగా మరోసారి.

"ఇదేందన్నా, రెండు తావుల పెట్టినారు. ఒకటి ప్రింట్ చేసేదానికి కడతాది, ఇంకోటి తిరిగిచ్చేదానికి కడతాది. రెండోది లాగ్‌లో యాడ పడతాది?"

అక్కడితో ఆగాడా? మాక్రోలో విలువకి పేరు పెట్టే లెట్ ఒకటి పెట్టి, కోడ్‌ని ఒక్కసారే నడిపి, ఆ విలువని ఒక పేరులో పట్టుకున్నాడు. మళ్ళీ నడిపితే డబ్బు యథాతథంగా రెండుసార్లు కట్ అయింది! ఆ పది నిమిషాలూ వార్ రూమ్‌లో పండగే పండగ. టీమ్ లీడ్ గారు "చూశావా బాబూ, అనుభవం అనుభవమే" అని వాడి భుజం కూడా తట్టారు. మాక్రో మార్చినంత మాత్రాన దాన్ని వాడిన కోడ్ మారదనీ, అది పాత విస్తరణతోనే, అంటే మాక్రో ఇంతకుముందు రాసిచ్చిన కోడ్‌తోనే నడుస్తుంటుందనీ, ఆ ఫైల్ కూడా మళ్ళీ లోడ్ చేయాలనీ వాడికి గుర్తు రాకపోయుంటే మా పరువు ఇంకో వారం నిలబడేది.

పక్క మాక్రోనీ వదల్లేదు. మాక్రో అచ్చులో రాసిన లెట్ లోపలి పేరుకి క్లోజర్ తనంతట తాను నేమ్‌స్పేస్, అంటే ఇంటిపేరు లాంటిది, తగిలించి, అలాంటి పేరు లెట్‌లో చెల్లదని మొరాయిస్తుంది. వాడేవాడి కోడ్‌లో అదే పేరుంటే గొడవ రాకూడదని దాని జాగ్రత్త. పేరు చివర ఒక హాష్ గుర్తు (#) పెడితే ఎవరికీ తగలని కొత్త పేరు అదే పుట్టిస్తుంది. ఈ మాక్రోలో ఆర్కిటెక్ట్ గారు హాష్ పెట్టలేదు, పేరు ముందు టిల్డా (~), కోట్ (') రెండూ పెట్టి కంపైలర్ నోరు మూయించారు. పెద్దమనిషి రాశాక అదే శాసనం కదా! స్కీమ్ అనే మరో లిస్ప్ జాతి భాష వాళ్ళు 1986లోనే పేర్లు అంటుకోని మాక్రోల పద్ధతి కనిపెట్టారట. అంత మడి పాటించేవాళ్ళమైతే మేం ఊళ్ళోనే ఉండేవాళ్ళం.

అసలు ఇది మర్యాదకి సంబంధించిన విషయం. పెళ్ళి పంక్తిలో కూర్చున్నవాడు వడ్డించింది తినాలి గానీ, లేచి వెళ్ళి గాడిపొయ్యి దగ్గర గుండిగల మూతలు తీసి చూస్తాడా? అందుకే నా డిమాండ్లు చాలా పరిమితం. మాక్రోఎక్స్‌పాండ్-1 వాడాలంటే టికెట్, మేనేజర్ అనుమతి ఉండాలి. అన్ని పొరల్నీ ఒకేసారి విప్పే మాక్రోఎక్స్‌పాండ్-ఆల్ అయితే డైరెక్టర్ స్థాయికి తక్కువ కాకుండా. అయిదేళ్ళ అనుభవం లేనివాళ్ళు ప్రింట్‌లు పెట్టుకుని బతకాలి.

నిషేధం వచ్చేలోగా మా వంతు మేం చేస్తున్నాం. కస్టమర్‌కి పంపిన నివేదికలో మూలకారణం "నెట్‌వర్క్‌లో తాత్కాలిక అంతరాయం" అని రాశాం. అందులో అచ్చుతప్పులు దిద్దే బాధ్యత ఆ కుర్రాడికే అప్పగించాం.