ట్విన్ పీక్స్‌ని నిషేధించారట!

వారంలో ఒకటే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, కాలనీ గ్రూపులో ఒకసారి, నిన్న రాత్రి మా మేనబావ పంపాడు, పొద్దున హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే దోస్తు ఫోన్ నా ముక్కు ముందు పెట్టి "నీ సీరియల్ గురించే, చూడు" అన్నాడు. అందులో ఉన్నది ఇదీ: అమెరికాలో వచ్చిన 'ట్విన్ పీక్స్' నిజంగా జరిగిన కథ, అందులో కనిపించేది నిజం దయ్యం, చూసినవాళ్లకు మతి చలిస్తే 1991లో సర్కారు నిషేధించింది, విమర్శకులంతా చెత్త అన్నారు, రాత్రిళ్లు తిరిగిన ఆడపిల్ల గతి చూసి మీ పిల్లలను ఇంట్లో ఉంచుకోండి, పదిమందికి పంపండి.

నిషేధం లేదు, పాడు లేదు. రెండో సీజన్‌ను ఏబీసీ ఛానల్ శనివారం రాత్రికి నెట్టింది, చూసేవాళ్లు తగ్గారు, 1991 జూన్ 10తో ఆపేశారు. మతి చలించిన మనిషి నాకు తెలిసి నేనొక్కడినే.

నిజం దయ్యం పేరు ఫ్రాంక్ సిల్వా. సెట్లో సామాన్లు సర్దే మనిషి. పైలట్, అంటే మొదటి ఎపిసోడ్ తీస్తుంటే ఆయన రూపం పొరపాటున అద్దంలో కనిపించి కెమెరాకి చిక్కింది, డైరెక్టర్ డేవిడ్ లించ్‌కి అది నచ్చి ఆయననే 'బాబ్' అనే దయ్యాన్ని చేశాడు. నిజ కథ అన్నదాంట్లో మాత్రం ఆవగింజంత ఉంది: లించ్‌తో కలిసి సీరియల్ సృష్టించిన మార్క్ ఫ్రాస్ట్‌కి 1908లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన ఒక అమ్మాయి హత్య గురించి విన్నది గుర్తుందట. అంతే.

విమర్శకుల సంగతా? 1990లో అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలకు 14 నామినేషన్లు, ఆ తర్వాత ఉత్తమ డ్రామా సీరియల్‌గా గోల్డెన్ గ్లోబ్ అవార్డు. చెత్తకే ఇన్ని ఇస్తే మన అత్తాకోడళ్ల సీరియళ్లకు బస్తాల్లో పంపాలి. 1992లో ఇదే కథ మీద వచ్చిన సినిమాను చాలామంది ఉతికి ఆరేసిన మాట నిజం. కానీ 2017లో సీరియల్ 18 భాగాలుగా మళ్లీ వచ్చాక ఫ్రాన్స్ సినిమా పత్రిక 'కాయే ద్యు సినెమా' దాన్ని ఆ దశాబ్దపు ఉత్తమ చిత్రమని మొదటి స్థానంలో పెట్టింది.

ఇవన్నీ పోనీ, నవ్వుకుని వదిలేసేవాణ్ని. ఒళ్లు మండింది చివరి మాటకు. బావా, నువ్వు ఇద్దరు ఆడపిల్లల తండ్రివి, ఒక్క ఎపిసోడైనా చూశావా? కథలో హత్యకు గురైన అమ్మాయి లారా పామర్‌ని చంపింది ఎవరు? రోడ్డు మీది పోకిరా, అడవిలో దొంగా? కన్న తండ్రి. ఊళ్లో పేరున్న లాయరు. 12 ఏళ్ల వయసు నుంచి ఆ పిల్ల తన గదిలో, తన మంచం మీద నరకం అనుభవించింది. బయటికి పరుగెత్తింది ఆ ఇంట్లో ఉండలేక. ఇంత చూపించిన కథ కింద 'పిల్లలను ఇంట్లో ఉంచుకోండి' అని రాసినవాడికి దండం పెట్టాలి. రాసేవాడు చూడడు, పంపేవాడు చదవడు, చివరికి చచ్చిన పిల్లదే తప్పు. మన దగ్గర కొత్తేం కాదులే.

అయితే ఒక దగ్గర నా నోరు మూతపడింది. మా అక్కకు ఈ కథంతా, ఆ తండ్రికి బాబ్ పట్టిన సంగతితో సహా చెప్తే, "దయ్యం పట్టి చేసిండంటే తండ్రి తప్పు లేదన్నట్టేనారా? గాలి సోకిందని మనోళ్లు అనేది గదే గదా" అంది. సీరియల్‌లోనే ఒక ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) అధికారి బాబ్ అంటే మనుషులు చేసే పాపమేనేమో అంటాడని చెప్పాను. అక్క ఒప్పుకోలేదు. నిజానికి నాకూ పూర్తిగా నమ్మకం లేదు, చచ్చేముందు ఆ తండ్రి ఏడ్చే సీనులో నాకు వాడి మీద జాలి కలిగింది, అలా కలగడం నాకు నచ్చలేదు.

హంతకుణ్ని చెప్పేశానని తిట్టకండి, 1990 నవంబర్‌లోనే చెప్పేశారు, అదీ ఛానల్ ఒత్తిడి పెడితే. ఆ తర్వాత కొన్ని ఎపిసోడ్లు నిజంగానే చెత్త, బావా. ఫార్వర్డ్ చేయాల్సినవి ఏవైనా ఉంటే అవే.