విశాఖ సముద్రం అడుగున ఏమీ లేదా?

"విశాఖలో స్కూబా డైవింగ్ డబ్బు దండగ. బంగాళాఖాతం నీళ్లు ఏడాది పొడవునా బురదే. పగడపు దిబ్బలు లేవు కాబట్టి చేపలూ ఉండవు, ఉన్నవి సొరలూ విషపు పాములే. ఈత వచ్చినవాళ్లకు శిక్షణ అక్కర్లేదు, ట్యాంకు తగిలించుకుంటే చాలు. అడుగున ఇసుక, చెత్త తప్ప ఏమీ లేవు. అండమాన్ వెళ్లండి." ఈ సందేశం కొన్ని వారాల్లోనే నాలుగు వాట్సాప్ బృందాల నుంచి నాకు చేరింది. పంపినవారిలో రోజూ రుషికొండ తీరాన నడిచేవాళ్లు కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి ఈ నీళ్లలో మునుగుతున్నదాన్ని కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. అన్నిటికంటే ముందు ఈత గురించిన మాట తీసుకుంటాను, ఎందుకంటే దాన్ని నమ్మితే ప్రాణం పోతుంది.

నీటి ఉపరితలం మీద మన ఒంటిపై ఉండే పీడనం 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి రెట్టింపవుతుంది. ఆ లోతులో ట్యాంకులోని గాలిని నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చామనుకోండి. పైకి వచ్చేకొద్దీ ఆ గాలి వ్యాకోచించి, రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు చిట్లుతాయి. అందుకే డైవింగ్‌లో మొదటి పాఠం, ఎప్పుడూ ఊపిరి ఆపకూడదని. నీళ్లలో ఊపిరి బిగబట్టడం చిన్ననాటి నుంచి అలవాటైన గజ ఈతగాడు కంగారులో సరిగ్గా ఆ పనే చేస్తాడు. ఈత రానివాళ్లేమో శిక్షకుడు చేయి వదలకుండా వెంట ఉంటే, తక్కువ లోతులో క్షేమంగా చూసి రాగలరు. చెవులు నొప్పి పుట్టకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊది పీడనం సరిచేసుకోవాలి. జలుబు ఉన్న రోజు అది కుదరదు, కాబట్టి ఆ రోజు దిగకూడదు. హైదరాబాదు నుంచి వారాంతానికి వచ్చేవాళ్లకు ఇంకో మాట: ఆదివారం ఉదయం మునిగి సాయంత్రం విమానం ఎక్కకండి. ఒక్కసారే మునిగినా కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నత్రజని బయటకు పోవడానికి ఆ వ్యవధి కావాలి.

ఇక బురద. ఇందులో కొంత నిజం ఉంది. వానాకాలంలో నదులు ఒండ్రు మోసుకొస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరం వెంట ప్రవాహం దక్షిణానికి నడుస్తూ గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల మంచినీటిని మన వైపు తెస్తుంది. తుపాను వచ్చిపోయిన వారంలో నేను నా మోచేతి దాకా కూడా చూడలేకపోయిన రోజులున్నాయి. కానీ ఫిబ్రవరి వచ్చేసరికి ఆ ప్రవాహమే ఉత్తరానికి తిరుగుతుంది. ఆ నెలల్లో పడవ అంచు మీద కూర్చుని కిందికి చూస్తే రాళ్ల నీడలు తెలిసిన ఉదయాలూ నాకు గుర్తున్నాయి. "ఏడాది పొడవునా" అన్న మాట తప్పు.

అంతకంటే పెద్ద తప్పు, నీరు మసకగా ఉందంటే అది మురికే అనుకోవడం. వేసవిలో నైరుతి గాలి తీరానికి సమాంతరంగా వీచినప్పుడు పైనీరు సముద్రం లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి, పోషకాలు నిండిన నీరు ఎగదన్నుకొస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ పరిశోధించినది మన తీరంలోని ఈ ప్రక్రియనే. ఆ పోషకాలతో ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ ఉండే కంటికి కనబడని జీవులు, కోట్లలో పెరిగి నీటికి ఆకుపచ్చ మసక తెస్తాయి. వాటిని రొయ్య పిల్లలు, కవ్వలు తింటాయి, కవ్వలను వంజరం తింటుంది. 2021 డిసెంబరులో తంతడి తీరంలో ఇసుకలో చిక్కుకుపోతే అటవీ శాఖవారు, మత్స్యకారులు తిరిగి సముద్రంలోకి పంపిన తిమింగల సొర, అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, బతికేది కూడా ప్రధానంగా ఈ ప్లవకాల మీదనే. గాజులాంటి నీలి నీరు చూడటానికి అందమే, కానీ చాలాచోట్ల అది ఆకలితో ఉన్న నీరు.

పగడపు దిబ్బలు లేవన్నది నిజమే. కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నటువంటి దిబ్బలు ఇక్కడ కట్టుకోలేదు. దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో శైవలాలు, అంటే నాచు జాతి సూక్ష్మజీవులు, ఉంటాయి, వాటికి ఎండ కావాలి. నదుల ఒండ్రు ఆ ఎండను ఆపేస్తుంది. కానీ చేపకు ముఖ్యంగా కావలసింది దాక్కునే కంత, అది పగడంలోనిదా రాతిలోనిదా అని చూడదు. తూర్పు కనుమలు సముద్రానికి ఇంత దగ్గరగా వచ్చే చోటు మనది. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి కొండల్లో కనిపించే ఖొండలైట్ రాయే నీటి కిందా పరుచుకొని ఉంది. రుషికొండ దగ్గర, మంగమారిపేట దగ్గర ఎనిమిది పది మీటర్ల లోతులో ఆ బండలను చూడండి. దిబ్బలు కట్టని మెత్తని పగడాలు, స్పంజికలు, ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి అంటుకొని, రాయి కనబడనే కనబడదు. టార్చి తప్పకుండా తీసుకెళ్లండి. నీరు ముందుగా మింగేసేది ఎరుపునే, అందుకే ఆ లోతులో అన్నీ బూడిద రంగులో ఉంటాయి. టార్చి వేయగానే పొడిబారినట్టున్న బండ కుంకుమ రంగులోకి మారుతుంది. నాకు ఇప్పటికీ ఆ క్షణంలో గుండె ఝల్లుమంటుంది. పగుళ్లలో నోరు తెరిచి మూసే మోరే ఈల్ పాము చేపలు, ముళ్ల బంతుల్లాంటి అర్చిన్‌లు, గుంపులుగా తిరిగే చిన్న చేపలు, ఒక్కోసారి బర్రాకుడాలు. ఈ బండలెక్కడున్నాయో మత్స్యకారులకు మనకంటే ముందే తెలుసు. వల చిరిగిపోతుందని అక్కడ గాలాలే వేస్తారు.

సొరల భయం ఇక్కడి డైవర్లకు అవసరం లేదు. సముద్రపు పాములకు తీవ్రమైన విషం ఉన్న మాట నిజం, కానీ అవి వెంటపడి కరవవు. కాటు పడేది ఎక్కువగా వలలోంచి వాటిని తీసే మత్స్యకారులకే. నిజంగా జాగ్రత్త పడాల్సింది కదలకుండా రాతిని ఆనుకొని ఉండే లయన్ ఫిష్‌తో. దాని వీపు ముళ్లలో విషం ఉంటుంది. చేతులు దగ్గర పెట్టుకొని, దేన్నీ ముట్టుకోకుండా తిరిగితే అదీ మన జోలికి రాదు.

అండమాన్‌కు తప్పకుండా వెళ్లండి, అక్కడి పగడాలు చూడదగ్గవి. దానికోసం ఇక్కడ ఏమీ లేదని చెప్పనక్కర్లేదు.

చెత్త ఉందన్న మాట మాత్రం నేను కాదనలేను. కిందటి వేసవిలో ఒక బండకు చుట్టుకుపోయిన నైలాన్ వల ముక్కను కోయడానికి నాకూ నా తోటి డైవరుకూ ట్యాంకులో గాలి సగానికి పైగా ఖర్చయింది. అందులో మూడు పీతలు, ఒక ఈల్ చిక్కుకొని ఉన్నాయి. పీతల్లో రెండు బతికే ఉన్నాయి. కాలికి చుట్టుకున్న ఆఖరి దారం తెగగానే వాటిలో పెద్దది పక్కకు పరిగెత్తి, తాను వచ్చిన పగుల్లోకే దూరింది.